మూడు గంటలు తర్వాత మాస్టారూ, ముందు నాలుగు నిమిషాలు

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మాది ప్రకాశం జిల్లాలో ఓ చిన్న టౌన్. ఇక్కడి గ్రంథాలయం హాల్లో నెలకి రెండు ఆదివారాలు మంచి సినిమాలు వేసి, నలుగురికీ సినిమా చూడటం నేర్పాలని మొదలుపెట్టాను. మొదటి సినిమా సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ 'పథేర్ పాంచాలీ'. ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి, కిటికీలకి గోనెసంచులు కట్టాం. సినిమాకి ముందు అరగంట సత్యజిత్ రాయ్ గురించి మాట్లాడాను. 31 మంది వచ్చారు. చివర్లో లైట్లు వేసేసరికి ఆరుగురు మిగిలారు, అందులో ఒకాయన నిద్రపోతున్నాడు. మధ్యలో లేచిపోతూ ఓ కుర్రాడు 'సార్, ఇది సినిమానా, డాక్యుమెంటరీనా?' అని అడిగాడు. మా ఆవిడేమో 'హాయిగా చూసే సినిమాకి పాఠాలెందుకండీ, ఉన్న సరదా కూడా పోతుంది' అంటోంది. మామూలు జనానికి సినిమా చూడటం నేర్పడం జరిగే పనేనా? కాదంటే ఇప్పుడే మానేస్తాను.

సమాధానం:

మాస్టారూ, మానకండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు చేసి, ఫ్యాన్ కింద పడుకోవాల్సిన 31 మంది గోనెసంచుల హాలుకి వచ్చారంటే మీ మాట మీద ఆ ఊళ్లో ఎంత గౌరవం ఉందో తెలుస్తోంది. ఆ గౌరవాన్ని మీరు ఒక్క మధ్యాహ్నంలో ఖర్చు పెట్టేశారు, అంతే. మళ్లీ సంపాదించుకోవచ్చు.

ముందు మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట చెప్తాను. 'సినిమా చూడటం నేర్పాలని' అన్నారు. మాస్టారు కదా, ఆ మాట రావడం సహజం. కానీ తెలుగువాళ్లకి సినిమా చూడటం రాదని ఎవరన్నారు? మీ ఊళ్లో టీ కొట్టు దగ్గర శుక్రవారం సాయంత్రం ఓ పావుగంట నిలబడండి. 'ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్ అయింది', 'ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది', 'ఆర్ఆర్ లేకపోతే ఆ సీన్‌లో ఏమీ లేదు', 'ఎలివేషన్ ఎక్కువైంది, ఎమోషన్ పండలేదు'. ఇవి సినిమా తీసేవాళ్ల మాటలు. రీరికార్డింగ్‌ని, అంటే సీన్ వెనకాల వచ్చే సంగీతాన్ని, ఆర్ఆర్ అని పొట్టి చేసి పలకడం ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో ఉన్న అలవాటు, ఇప్పుడు ఆటో డ్రైవరు నోట్లో ఉంది. ఇన్ని పనిమాటలు తెలిసిన ప్రేక్షకులు ఎక్కడైనా అరుదే. ఆ మాటలన్నీ తీర్పులుగా ఆగిపోతున్నాయి, లోపం అక్కడుంది. 'లాగ్ అయింది' అనగానే మాట అయిపోతుంది. 'ఎక్కడ మొదలైంది లాగ్? ఏ సీన్‌లో నువ్వు మొదటిసారి ఫోన్ తీశావు?' అని అడిగే మనిషి లేడు. మీ హాల్లో మీరు చేయాల్సిన పని ఆ అడగడమే. ఫిల్మ్ ఎడ్యుకేషన్ అనే పెద్ద పేరు వెనకాల ఉన్న పని చాలావరకు అదే.

నా సంగతి చెప్తే మీకు ధైర్యం వస్తుంది. చాలా ఏళ్ల కిందట నేను పుణె వెళ్లి ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు చేశాను. పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఉన్న ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, అక్కడే 1964లో పుట్టిన ఫిల్మ్ ఆర్కైవ్, ఆ రెండూ కలిసి నడిపే ఎండాకాలం కోర్సు అది. పొద్దున పాఠం, సాయంత్రం సినిమా, రాత్రి చెట్టు కింద వాదన. అక్కణ్నుంచి ఇంటికొచ్చాక నేను భరించలేని మనిషినయ్యాను. టీవీలో ఏది వస్తున్నా పక్కన కూర్చుని లైటింగ్ గురించీ, కెమెరా కోణం గురించీ చెప్పేదాన్ని. ఒకరోజు మా అత్తగారితో కలిసి ఓ పాత కుటుంబ కథాచిత్రం చూస్తున్నాను. నేను నా ధోరణిలో ఉన్నాను. ఆవిడ చాలాసేపు విని, విస్తరాకు కుడుతూ తల ఎత్తకుండా, 'ఆ ఇంట్లో ఆడవాళ్లు ఒక్కసారన్నా కూర్చున్నారా చూశావా? ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు. మగాళ్లంతా కుర్చీల్లోనే' అంది.

నేను చూడలేదు. నెల రోజుల కోర్సు చేసినదాన్ని, చూడలేదు. మిగతా సినిమా అంతా దాన్నే చూశాను. నిజమే, ఎవరూ కూర్చోలేదు. దర్శకుడు కావాలని చేశాడో, అప్పటి ఇళ్లు అంతేనో తెలీదు, కానీ తెర మీద అది ఉంది, కళ్లెదుట ఉంది. ఆవిడ చదివింది ఐదో తరగతి. జీవితమంతా నిలబడే ఉన్న మనిషి కాబట్టి ఆవిడకి కనిపించింది.

అప్పట్నుంచి నా లెక్క మారింది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పడంగా ఈ పని మొదలుపెడితే మీ హాలు ఖాళీ అవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కనిపిస్తుంది కదా, అవన్నీ బల్ల మీద పెట్టించగలిగితే నిండుతుంది. మీరు హరిదాసు కాకండి మాస్టారూ. బుర్రకథలో వంత అవ్వండి. కథకుడు ఊపులో ఉన్నప్పుడు పక్కనుంచి 'అది సరే, అప్పుడు ఆయనేమన్నాడు?' అని అడుగుతాడే, ఆ మనిషి. బుర్రకథ నడిచేది సగం ఆ ప్రశ్నల మీదే.

ఇక పనిలోకొద్దాం.

వచ్చే ఆదివారం పూర్తి సినిమా వేయకండి. నాలుగు నిమిషాలు వేయండి. అదీ అందరూ పదిసార్లు చూసిన సినిమాలోంచి. నేనైతే 'మాయాబజార్' తీసుకుంటాను. 1957 నుంచీ తెలుగిళ్లలో ఉంది, ఎవరికీ పరిచయం అక్కర్లేదు. అందులో 'అహ నా పెళ్లియంట' పాట. అక్కడున్నది శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే సావిత్రి చేయాల్సింది సావిత్రిలా కనిపించే ఎస్వీ రంగారావుని. ముందు సౌండ్ పూర్తిగా తీసేసి వేయండి. ఒక్క ప్రశ్న ఇవ్వండి: 'ఆ ఒంట్లో మగవాడు ఉన్నాడని ఎక్కడ తెలిసింది?' భుజాల్లోనా, నడకలోనా, చేతులు పెట్టుకున్న తీరులోనా, చూపులోనా? తర్వాత సౌండ్‌తో వేయండి. సుశీల గొంతు సాగుతుండగా మధ్యలో ఘంటసాల గొంతు వస్తుంది. ఇప్పుడు రెండో ప్రశ్న: 'గొంతు లేనప్పుడే కనిపెట్టినవాళ్లు ఎంతమంది?' మీరు ఒక్క ముక్క పాఠం చెప్పక్కర్లేదు. నటన గురించి గంటసేపు మాట్లాడుకుంటారు, ఆపలేక మీరే ఆపాల్సి వస్తుంది.

అదే సినిమా మీద ఇంకొకటి, ఇళ్లకి వెళ్లేటప్పుడు వేయాల్సిన ప్రశ్న. 'ఈ సినిమాలో పాండవులుగా ఎవరెవరు వేశారు?' చాలామంది టక్కున ఏదో పేరు చెప్పబోతారు. ఆగిపోతారు. ఒక్క పాండవుడు కూడా తెర మీదికి రాడు. రాజ్యం పోయింది వాళ్లకి, అభిమన్యుడి పెళ్లి చిక్కులో పడింది వాళ్లు పేదవాళ్లయ్యారు కాబట్టే, అయినా వాళ్లు కనిపించరు. లేరన్న సంగతి మనకి గుర్తు రాకుండా కె.వి. రెడ్డి మూడు గంటలు నడిపేశారు. స్క్రీన్‌ప్లే అంటే ఏంటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. ఏం చూపించాలన్న దానికంటే ఏం చూపించక్కర్లేదన్న లెక్కే కష్టం. ఇంటికెళ్లి వాళ్లావిడతో పందెం కాస్తారు చూడండి.

రెండో కార్యక్రమానికి ఓ పావుకిలో శనగలు కొనండి. నవ్వకండి. ఒక్కొక్కరికి ఓ గుప్పెడు శనగలు, ఓ కాగితం కప్పు. తెర మీద షాట్, అంటే కెమెరా ఆపకుండా తీసిన ముక్క, మారిన ప్రతిసారీ కప్పులో ఒక గింజ వేయాలి. ముందు పాత సినిమాలోంచి రెండు నిమిషాల సంభాషణ, తర్వాత ఈమధ్య వచ్చిన ఏదైనా ఫైట్‌లోంచి రెండు నిమిషాలు. మొదటి దాంట్లో గింజలు కప్పు అడుగున దొర్లుతుంటాయి. రెండో దాంట్లో చేతులు అందుకోలేవు. సగం దార్లో 'అమ్మో నావల్ల కాదు' అంటారు. ఎడిటింగ్ అనే మాటకి అర్థం అప్పుడు వేళ్లకి తెలుస్తుంది. దాని మీద మీ తీర్పు మాత్రం చెప్పకండి. 'చూశారా, పాత సినిమాలు ఎంత గొప్పవో' అని ఒక్కమాట అన్నారంటే కుర్రాళ్లు పోతారు. వేగంగా కోయడం తప్పు కాదు, నిదానంగా ఉంచడం గొప్పా కాదు. ఆ ఫైట్‌లో ఒక గింజకీ ఇంకో గింజకీ మధ్య ఎవరు ఎక్కడున్నారో మనకి తెలుస్తోందా, తెలియనివ్వకుండా కంగారు పెట్టడమే వాళ్ల ఉద్దేశమా? ఆ ప్రశ్న దగ్గర ఆగండి.

'ఇది సినిమానా, డాక్యుమెంటరీనా' అన్న కుర్రాణ్ని మాత్రం వదలొద్దు. మీకు కోపం వచ్చినట్టుంది, కానీ ఆ రోజు ఆ హాల్లో సినిమా గురించి వచ్చిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అదే. రాయ్ ఎక్కువమంది కొత్త నటులతో, స్టూడియో గోడల బయట నిజమైన పల్లెలో తీశారు, చూసేవాడికి ఆ అనుమానం రావాలి కూడా. 'నీకెందుకలా అనిపించింది?' అని అడిగి ఉంటే వాడు కూర్చునేవాడేమో. వాడు ఫోన్‌లో రీల్స్ చేసే రకం అయితే ఇంకా మంచిది. కట్ అంటే ఏంటో, పాట బీట్‌కి షాట్ ఎక్కడ పడాలో వాడికి మీకంటే, నాకంటే బాగా తెలుసు. తెలిసిందన్న సంగతే తెలీదు.

వాడికో పని అప్పజెప్పండి. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన చేసిన ప్రయోగం ఇది. ఏ భావమూ లేని ఓ నటుడి ముఖం తీసుకుని, దాని పక్కన ఓసారి సూప్ గిన్నె, ఓసారి శవపేటిక, ఓసారి ఒక అమ్మాయిని అతికించాడు. చూసినవాళ్లు ఆ నటుడు ఆకలిని, దుఃఖాన్ని, కోరికని ఎంత బాగా చూపించాడో అని మెచ్చుకున్నారట. ముఖం మూడుసార్లూ అదే. మీ కుర్రాణ్ని వాళ్ల ఫ్రెండు ముఖం ఒక పది సెకన్లు తీయమనండి, ఏమీ నటించొద్దని చెప్పి. తర్వాత బిర్యానీ ప్లేటు, పరీక్షల మార్కుల లిస్టు, తాళం వేసిన ఇల్లు, ఈ మూడూ విడివిడిగా తీసి అతికించమనండి. ఆదివారం హాల్లో వేస్తే అందరూ 'ఒరేయ్, బాగా చేశావురా' అని ఆ ఫ్రెండుని మెచ్చుకుంటారు. అప్పుడు అసలు సంగతి చెప్పనివ్వండి, వాడి చేతే. సినిమాలో భావం రెండు షాట్లు కలిసే చోట, చూసేవాడి తలలో తయారవుతుందని ఎవరూ మర్చిపోలేరు. మీరు బోర్డు మీద రాస్తే మర్చిపోతారు. వార్తల ఛానెళ్లు ఒక ముఖం పక్కన ఏం అతికిస్తున్నాయో గమనించడం కూడా ఆ రోజు నుంచే మొదలవుతుంది. అది మన సబ్జెక్టు కాదు గానీ, సోషల్ మాస్టారు కాబట్టి మీకు పనికొస్తుంది.

మీ ఆవిడగారి మాటకి జవాబివ్వాలి. ఆవిడ భయం న్యాయమైందే. పాఠంలా చెప్తే సరదా పోతుంది. మా పిల్లాడికి తెలుగు పద్యం మీద ప్రేమ పోగొట్టింది ప్రతిపదార్థాలే. కానీ క్రికెట్ చూడండి. ఏమీ తెలియనివాడికి బౌండరీ కొట్టినప్పుడే పండగ. ఫీల్డింగ్ తెలిసినవాడికి, స్లిప్‌లో ఇంకో మనిషిని ఎందుకు పెట్టారో చూస్తే బంతి పడకముందే గుండె దడ మొదలవుతుంది. వాడి సరదా ఏం తగ్గలేదు, బంతికీ బంతికీ మధ్య ఖాళీ కూడా వాడికి ఆటే అయింది. మీ ఆవిణ్ని ఓ ఆదివారం పిలవండి, ప్రశ్నలడగకుండా కూర్చోబెట్టండి. ఇంటికొచ్చాక ఆవిడే మొదలుపెడుతుంది. మా అత్తగారి లాంటి మాట ఒకటి అంటే నాకు రాయడం మర్చిపోవద్దు.

పల్లెటూరివాళ్లకి ప్రపంచ సినిమా ఎక్కుతుందా అని మీకు ఇంకా అనుమానం ఉంటే పక్క రాష్ట్రంలో హెగ్గోడు ఉంది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో, వక్క తోటల మధ్య చిన్న ఊరు. అక్కడ కె.వి. సుబ్బణ్ణ, ఆయన స్నేహితులు కలిసి పెట్టిన నీనాసం అనే సంస్థ 1973లో ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టింది. 'బైసికిల్ థీవ్స్' లాంటి విదేశీ సినిమాలు ఆ ఊళ్లో వక్క రైతులు చూశారు, మాట్లాడుకున్నారు. పుణె ఆర్కైవ్ నడిపిన పి.కె. నాయర్ లాంటివాళ్లు ఫిల్మ్ డబ్బాలు పంపించి ఆదుకున్నారు. సుబ్బణ్ణకి 1991లో మెగసెసె అవార్డు వచ్చింది. ఇదంతా విని 'మరి మా ఊళ్లో ఎందుకు కాలేదు' అనుకోకండి. నీనాసం పుట్టింది 1949లో, నాటకాల కోసం. అంటే తెర కట్టడానికి ముందు 24 ఏళ్లు ఆ ఊరు చీకట్లో కలిసి కూర్చోవడం, అయ్యాక కలిసి మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంది. మీరు ఒక్క ఆదివారం చేశారు. మన దగ్గరా లేకపోలేదు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ ఏళ్ల తరబడి ఈ పనే చేశాయి. వీలైతే వాళ్లతో మాట్లాడండి, సినిమాలు ఎక్కడ దొరుకుతాయో, ఎవరిని అడగాలో వాళ్లకి తెలుస్తుంది.

సినిమా అంటే తెర ముందు కూర్చోవడమే అనుకుంటాం గానీ, మన పెద్దవాళ్లు చెవులతో కూడా సినిమా చూశారు. రేడియోలో ఆదివారం 'సంక్షిప్త శబ్దచిత్రం' వచ్చేది గుర్తుందా? మూడు గంటల సినిమాని గంటకి కుదించి, మాటలూ పాటలూ మాత్రమే. అరుగు మీద పది మంది చేరి, చూడని సినిమాని కూడా మొత్తం చూసినట్టు చెప్పుకునేవాళ్లు. మీ హాలుకి వచ్చే అరవై దాటినవాళ్లకి ఈ విద్య ఉంది. మూడో కార్యక్రమం వాళ్లది. తెర మీద దుప్పటి కప్పేసి, ఎవరూ చూసి ఉండని సినిమాలోంచి నాలుగు నిమిషాలు శబ్దం మాత్రమే వినిపించండి. గది పెద్దదా చిన్నదా? ఎంతమంది ఉన్నారు? తలుపు వేసి ఉందా? వాన లోపలా బయటా? తర్వాత దుప్పటి తీసి అదే ముక్క చూపించండి. కుర్రాళ్లు ఓడిపోతారు, పెద్దవాళ్లు గెలుస్తారు. హాల్లో ఒకరినొకరు చూసుకునే చూపు మారుతుంది. ఈ పనికి స్పీకర్లు బాగుండాలి. మీ దగ్గర కొంచెం డబ్బుంటే ప్రొజెక్టర్ మీద కాకుండా స్పీకర్ల మీద పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు.

ఈ మూడూ అయ్యాక పూర్తి సినిమా వేయండి. బెంగాలీ వద్దు, ముందు తెలుగులోనే కొంచెం కొత్తగా అనిపించేది. బి. నర్సింగరావు 'దాసి' నాకు తోస్తోంది. 1988లో వచ్చింది. తెలంగాణ గడీలో, అంటే దొరగారి ఇంట్లో, పనిచేసే ఆడమనిషి కథ. మాటలు చాలా తక్కువ. అర్చనకి ఉత్తమ నటిగా జాతీయ అవార్డు తెచ్చింది. దాని కళాదర్శకత్వానికీ జాతీయ అవార్డు వచ్చింది, చేసింది చిత్రకారుడు వైకుంఠం. నుదుట పెద్ద బొట్లతో తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు వేస్తాడే, ఆయనే. సినిమాకి ముందు రెండే రెండు వాక్యాలు చెప్పండి. మీ అరగంట ఉపన్యాసం దాచుకోండి, అయ్యాక ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. చూసేటప్పుడు గమనించడానికి ఒక్క ప్రశ్న మాత్రం ఇవ్వండి: 'ఈ ఇంట్లో ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు?' ఇది నాది కాదు, మా అత్తగారి దగ్గర్నుంచి తీసుకున్నది. ఎక్కడైనా వాడుకోండి.

సినిమా అయిపోగానే 'ఎలా ఉంది?' అని అడగకండి. 'బాగుంది సార్' అంటారు, మాస్టారు కదా మీరు. 'కళ్లు మూసుకుంటే ఏ బొమ్మ గుర్తొస్తోంది?' అని అడగండి. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పింది కలవవు. ఒకరు తలుపు అంటారు, ఇంకొకరు చీర రంగు అంటారు. ఒక్కోసారి సినిమాలో లేనిది కూడా చెప్తారు, 'మళ్లీ వేసి చూద్దాం' అనండి. వాదన మీ మీదకి రాకుండా తెర మీదకి మళ్లించడమే మీ పని. ఎవరైనా 'నచ్చలేదు' అంటే సంతోషించండి, ఎక్కడ నచ్చలేదో చూపించమనండి. బి, సి సెంటర్ల, అంటే చిన్న ఊళ్ల, ప్రేక్షకుడికి ఇంతే చాలు అని మన ఇండస్ట్రీ ఎన్నాళ్లుగానో లెక్కలు వేస్తోంది. ఆర్ట్ సినిమా వేసే మనలాంటివాళ్లం కూడా లోపల్లోపల అదే లెక్క వేస్తుంటాం, ఇంకో వైపునుంచి. రెండూ ఒకటే తలపొగరు.

ఓ చిన్న చట్టం సంగతి, మీకు తర్వాత టెన్షన్ లేకుండా. ఇంట్లో ఓటీటీ కనెక్షన్ ఉంది కదా అని దాన్ని హాల్లో నలుగురికీ వేయకూడదు, అది ఇంటి వాడకానికే ఇచ్చింది. మన కాపీరైట్ చట్టంలో సినిమాకి హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కేస్తే 60 ఏళ్లు. అందుకే 1957 నాటి 'మాయాబజార్' అన్నాను, నలుపు తెలుపు ప్రింటే వేయండి. 2010లో రంగులద్దింది వద్దు, దాని లెక్క వేరు. 'దాసి' లాంటి వాటికి హక్కులున్నవాళ్లకి ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. టికెట్ లేదని, లైబ్రరీ అని చెప్తే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. స్కూలు కార్యక్రమంగా, స్కూల్లో, టీచర్లకీ పిల్లలకీ వాళ్ల అమ్మానాన్నలకీ మాత్రమే వేస్తే చట్టంలో వెసులుబాటు ఉంది. మీరు పనిచేసిన హైస్కూలు హెడ్మాస్టర్‌ని అడిగి నెలకోసారి అక్కడా పెట్టొచ్చు. ఫ్రాన్స్‌లో 1994 నుంచీ ప్రాథమిక పాఠశాల పిల్లల్ని ఏడాదికి మూడుసార్లు సినిమా హాలుకి తీసుకెళ్లి, తిరిగొచ్చాక క్లాసులో మాట్లాడించే పథకం నడుస్తోంది. మనకి పథకం లేదు. మీరున్నారు.

ఇక 'పథేర్ పాంచాలీ'. దాన్ని వదిలేయమని నేను చెప్పను. పుణెలో సతీశ్ బహదూర్ అనే ప్రొఫెసర్ ఆ సినిమానే ముక్కలు ముక్కలుగా విప్పి తరాల తరబడి విద్యార్థులకి చెప్పారు. మీ ఎంపిక తప్పు కాదు, మొదటి ఆదివారానికి తప్పు. ఆరో ఆదివారమో ఏడో ఆదివారమో దాంట్లోంచి రెండు ముక్కలు చూపించండి, కథ తెలుగులో మీరే ముందు చెప్పేసి. ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ మీద భారం వేయకండి. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లుండేవారు, ఆ ఉద్యోగం మీకు సరిగ్గా సరిపోతుంది.

మొదటి ముక్క: అక్కాతమ్ముళ్లు తెల్లటి రెల్లుపూల మధ్య నడుస్తూ, టెలిగ్రాఫ్ స్తంభానికి చెవి ఆనించి, తర్వాత రైలుని చూడటం. అది అందరికీ నచ్చుతుంది, ఇబ్బంది లేదు. రెండోది: ఊళ్లు తిరిగి హరిహరుడు చాలా రోజులకి ఇంటికొస్తాడు. కూతురు దుర్గ చనిపోయిందని అతనికి తెలీదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే భార్యకి చూపిస్తుంటాడు. దుర్గ కోసం తెచ్చిన చీర చేతిలో పెట్టగానే సర్వజయ గుండె పగిలి ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకి వినపడదు. ఆమె నోరు తెరుచుకుంటుంది, వినపడేది తార్ షెహనాయ్ అనే తీగవాద్యం. ముందు దుప్పటి కప్పి, శబ్దం మాత్రమే వినిపించండి. అక్కడ ఏం జరుగుతోందో సంక్షిప్త శబ్దచిత్రాలు విని పెరిగిన మీ పెద్దవాళ్లని చెప్పమనండి. చెప్పలేరు. ఏదో సంగీతం వస్తోందంటారు. అప్పుడు దుప్పటి తీసి మళ్లీ వేయండి.

దుప్పటి తీసే పని ఆ కుర్రాడికి ఇవ్వండి. తర్వాత వాడేమన్నాడో నాకు రాయండి. డాక్యుమెంటరీయే అంటే అదీ రాయండి.

అన్నట్టు, కిటికీలకి గోనెసంచులు తీసేసి నల్లదుప్పట్లు కట్టండి. నా అనుమానం, ఆ రోజు లేచిపోయిన పాతికమందిలో కొందరు రాయ్‌ని చూసి కాదు, ఆ గోనె వాసనకే పోయి ఉంటారు.